మదర్‌బోర్డు పోయిందంటే వెంటనే నమ్మకండి, ముందు కెపాసిటర్లు చూడండి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని వార్డెన్ సార్ అడిగినప్పుడు, కవిత రాయడం నాకు రాదని, కథ అసలే రాదని చెప్పాను. "నీకు చేతనైందే రాయి. ఆ కంప్యూటర్ సంగతి రాయి, పిల్లలకు పనికొస్తది" అన్నారు. అందుకే ఈ వ్యాసం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేళ్ళు నేను ఈ హాస్టల్ అన్నమే తిన్నాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనేం చదువుతున్నానో మా అమ్మకు విడమరిచి చెప్పడం నాకింతవరకు చేతకాలేదు. ఎవరైనా అడిగితే "కరెంటు చదువు" అని చెబుతుంది. ఇదీ ఆ కరెంటు చదువులోని ఒక పాఠమే అనుకోండి.

స్టడీ హాల్లో కిటికీ పక్కన ఒక కంప్యూటర్ ఉండేది. 2013 నుంచి 2017 మధ్య ఇక్కడున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నేను ఆరో తరగతిలో చేరిన ఏడే ఒక దాత ఇచ్చారు. అప్పటికే అది పాతది. బోర్డు మీద 2005 అని అచ్చయి ఉంది. పెంటియం 4 ప్రాసెసర్, 512 ఎం.బి. మెమరీ, ఇద్దరు మోస్తే గాని కదలని లావుపాటి మానిటర్. మీద పూల దుప్పటి ముక్క కప్పి ఉంచేవాళ్ళు. ఆదివారం నాడు ఒక్కొక్కరికి పది నిమిషాలు. వరసలో నిలబడి నిలబడి నా వంతు వచ్చేసరికి కరెంటు పోయిన ఆదివారాలే నాకు ఎక్కువ గుర్తు.

నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అది మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున బటన్ నొక్కితే ఫ్యాను తిరిగేది గాని తెర మీద ఏమీ వచ్చేది కాదు. ఆపి మళ్ళీ నొక్కితే నాలుగోసారికో ఐదోసారికో లేచేది. ఒకసారి లేచి వేడెక్కిందంటే గంటసేపు బాగానే నడిచేది. చలికాలంలో మాత్రం మరీ సతాయించేది. తర్వాత పని మధ్యలో తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవడం, నీలం తెర రావడం. 2017లో పూర్తిగా ఆగిపోయింది. ఒక షాపతను వచ్చి చూసి, మదర్‌బోర్డు పోయింది, ఇలాంటిది ఇక దొరకదు అని చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత దాని చోటు స్టోర్ రూములో బియ్యం బస్తాల వెనక.

ఆ రోజు షాపతను చెప్పిన మాట మేమందరం నమ్మాం. కంప్యూటర్ తెలిసినవాడు చెప్పాడు కదా! ఇప్పుడు ఆలోచిస్తే, అతను పెట్టె మూత తీసి లోపలికి సరిగా చూసి ఉంటే ప్రాసెసర్ పక్కనే ఐదు కెపాసిటర్లు తలలు ఉబ్బి కనిపించేవి. చూశాడో లేదో నాకు తెలియదు. పోయిన దసరా సెలవుల్లో నేను హాస్టల్‌కు వచ్చినప్పుడు టార్చి వేసి చూస్తే మొదట కనిపించినవి అవే.

పట్టుకుపోయి బాగుచేసి తెస్తానంటే వార్డెన్ సార్ వెంటనే ఒప్పుకోలేదు. "ఇది స్టాక్ రిజిస్టర్ల ఉంది బిడ్డా. తుక్కు కింద తీసెయ్యాలన్నా పైనుంచి కాగితం రావాలె. ఉన్నదున్నట్టు మూలకు పడి ఉంటే ఎవరూ అడగరు. నువ్వు తీస్కపోయి ముక్కలు చేస్తే, వచ్చే జూన్ల రిటైరయ్యేటోణ్ణి, నా నో డ్యూస్ ఆగుతది" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. పాడైపోయిన వస్తువును ముట్టుకోకుండా ఉంచితే ఎవరికీ ప్రమాదం లేదు, ముట్టుకున్నవాడిదే పూచీ. అయినా మర్నాడు పొద్దున పిలిచి, రిజిస్టర్లో "రిపేరు నిమిత్తం ఇవ్వబడినది" అని రాసి కింద తన సంతకం పెట్టి, నా చేత కూడా సంతకం పెట్టించారు. డిగ్రీ పట్టా తీసుకున్నప్పుడు కూడా నా సంతకానికి అంత బరువు ఉన్నట్టు అనిపించలేదు.

కెపాసిటర్ ఏం పని చేస్తుంది?

కంప్యూటర్ వెనక భాగంలో ఉండే ఎస్.ఎం.పి.ఎస్. అనే పెట్టె, గోడ నుంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి బోర్డుకు ఇస్తుంది. ప్రాసెసర్‌కు అంత వోల్టేజి అక్కరలేదు. ఆ కాలపు పెంటియం 4కు 1.4 వోల్టుల దగ్గర చాలు. కానీ ఆకలి ఎక్కువ. 80 వాట్లు తీసుకుంటుందనుకుంటే, 80ని 1.4తో భాగించండి. 57 ఆంపియర్లు వస్తుంది. మన హాస్టల్ బోరు మోటారు కూడా అన్ని ఆంపియర్లు లాగదు!

12 వోల్టులను 1.4కు దించేది ప్రాసెసర్ చుట్టూ ఉండే మాస్‌ఫెట్లు అనే స్విచ్చులు. అవి సెకనుకు లక్షల సార్లు కరెంటును వేసి ఆపి, వేసి ఆపి సగటున కావలసిన వోల్టేజిని తయారుచేస్తాయి. అంటే కరెంటు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ప్రాసెసర్‌కు మాత్రం ధార ఆగకూడదు. ఇక్కడ మన హాస్టల్ మీదున్న నీళ్ళ ట్యాంకును గుర్తు తెచ్చుకోండి. త్రీ ఫేజ్ ఉన్నప్పుడే మోటారు నడుస్తుంది, అయినా కింద కుళాయిలో నీళ్ళు ఎప్పుడూ వస్తాయి. మధ్యలో ట్యాంకు ఉంది కాబట్టి. ఆ ట్యాంకే కెపాసిటర్. అది ఎంత పెద్దదో చెప్పే కొలత మైక్రోఫారాడ్. మన బోర్డులో ప్రాసెసర్ పక్కన 3300 మైక్రోఫారాడ్, 6.3 వోల్టులవి ఎనిమిది ఉన్నాయి. 12 వోల్టులు లోపలికి వచ్చేచోట 1500 మైక్రోఫారాడ్, 16 వోల్టులవి మూడు ఉన్నాయి.

ఇంతవరకు పుస్తకాల్లో ఉంటుంది. అసలు జబ్బు తెలియాలంటే ఇంకో మాట తెలియాలి. ట్యాంకు నిండా నీళ్ళున్నా, కింద పైపు మూతికి నాచు పట్టి పూడుకుపోతే ఏమవుతుంది? కుళాయి సన్నగా కారుతుంది. నలుగురు ఒకేసారి బకెట్లు పెడితే అదీ రాదు. కెపాసిటర్‌కు కూడా లోపల అలాంటి పూడిక ఒకటి ఉంటుంది. కెపాసిటర్‌లోనే దాగి ఉండే నిరోధం అది. దాన్ని ఈ.ఎస్.ఆర్. అంటారు. మంచి కెపాసిటర్‌లో అది ఓములో వందో వంతు దగ్గర ఉంటుంది. పాడైనకొద్దీ పెరుగుతుంది. మామూలు మల్టీమీటర్‌తో మైక్రోఫారాడ్లు చూసి "బాగానే ఉందే" అనుకుని మోసపోయేది ఇందుకే. ట్యాంకు లోతు కొలిచాం గాని పైపు మూతి చూడలేదన్నమాట.

మన కంప్యూటర్ చలికాలం పొద్దున్నే ఎందుకు మొరాయించేదో కూడా దీనితో అర్థమవుతుంది. కెపాసిటర్ లోపల ఉండేది ఒక ద్రవం. చల్లగా ఉన్నప్పుడు దానిలోంచి కరెంటు పోవడం ఇంకా కష్టం, నిరోధం పెరుగుతుంది. నాలుగైదుసార్లు వేసి ఆపేసరికి కాస్త వేడెక్కి దారి ఇస్తుంది. తొమ్మిదో తరగతిలో మేము దీనికి దేవుడు పూనుతున్నాడని ఆటపట్టించుకునేవాళ్ళం.

ఎందుకు ఉబ్బుతాయి?

కెపాసిటర్ డబ్బీలో రెండు అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రవంలో నానిన కాగితం, అన్నీ చాప చుట్టినట్టు చుట్టి ఉంటాయి. ఒక రేకు మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఉంటుంది. అసలు పని దానిదే. ఈ.ఎస్.ఆర్. తగ్గాలంటే ద్రవంలో నీళ్ళ పాలు ఎక్కువ కలపాలి. నీళ్ళు అల్యూమినియంను తినకుండా ఆపే రసాయనాలు కూడా కలపాలి. ఆ రెండో పని సరిగా జరగకపోతే నీరు అల్యూమినియంతో కలిసి హైడ్రోజన్ వాయువు పుడుతుంది. డబ్బీలో గాలి ఎక్కువైతే పేలకుండా ఉండడానికే తల మీద గీతలు గీసి ఉంచుతారు. కొన్నింటికి కూడిక గుర్తులాగా, కొన్నింటికి ఇంగ్లీషు కె అక్షరంలాగా ఉంటాయి. ముందు అక్కడ ఉబ్బుతుంది, తర్వాత చీలుతుంది, తర్వాత తుప్పు రంగు ద్రవం కారి ఎండిపోతుంది.

2000 తర్వాత కొన్నేళ్ళపాటు ఈ జబ్బు ప్రపంచమంతా కనిపించింది. తైవాన్‌లోని కొన్ని కంపెనీలు తయారుచేసిన కెపాసిటర్లు రెండు మూడేళ్ళకే ఉబ్బిపోయాయి. జపాన్ నుంచి ద్రవం తయారీ సూత్రాన్ని సగం సగం దొంగిలించుకొచ్చారని 2002, 2003లలో పత్రికల్లో కథలు వచ్చాయి. అది రుజువైన మాట కాదు గాని వినడానికి బాగుంటుంది కాబట్టి ఇప్పటికీ చెప్పుకుంటారు. పేరున్న కంపెనీ సరుకైతే భయం లేదనుకోవడం కూడా పొరపాటే. డెల్ కంపెనీ 2003 నుంచి 2005 మధ్య అమ్మిన ఆప్టిప్లెక్స్ కంప్యూటర్లలో పాడైనవి నిచికాన్ అనే జపాన్ కంపెనీ కెపాసిటర్లు. వాటి మరమ్మతుల కోసం డెల్ 2005లో 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది.

మన బోర్డు మాత్రం రెండేళ్ళకు పోలేదు, పన్నెండేళ్ళు నడిచింది. కాబట్టి దాన్ని చంపింది దొంగ సూత్రం కాకపోవచ్చు, వయసూ వేడీ అయి ఉంటాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. కెపాసిటర్ మీద 105 డిగ్రీలు అని రాసి ఉంటుంది. ఆ వేడిలో దాని ఆయుష్షు 2000 గంటలు అనుకోండి. వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుందని ఒక మోటు సూత్రం ఉంది. 65 డిగ్రీల దగ్గర ఉంచితే 40 డిగ్రీలు తగ్గినట్టు, అంటే నాలుగుసార్లు రెట్టింపు. 32,000 గంటలు. రోజుకు 8 గంటలు వాడితే 11 ఏళ్ళు. అదే 75 డిగ్రీలైతే ఐదున్నర ఏళ్ళే. ఇప్పుడు మన స్టడీ హాలు సంగతి ఆలోచించండి. ప్రాసెసర్ ఫ్యాను రెక్కల మధ్య నేను తీసిన దుమ్మూ దూదీ కలిపి ఒక చిన్న దిండు కుట్టొచ్చు. పూల దుప్పటి అయితే కంప్యూటర్ నడుస్తున్నప్పుడు కూడా సగం కప్పే ఉండేది, పాడైపోతుందని!

ముందు ఏం చూసుకోవాలి?

బోర్డు లేవకపోతే అన్నిసార్లూ కెపాసిటర్లే కారణం కాదు. ముందు పనిచేస్తుందని తెలిసిన వేరే ఎస్.ఎం.పి.ఎస్. పెట్టి చూడాలి. దానిలోనూ కెపాసిటర్లుంటాయి, అవీ ఉబ్బుతాయి. కానీ ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రం మీరెవరూ విప్పకండి. దానిలోని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసేసినా కొంతసేపు అలాగే ఉంటుంది. మదర్‌బోర్డు మీద అంత ప్రమాదం లేదు. ఇక బటన్ నొక్కగానే ఫ్యాను ఒక్కసారి అదిరి ఆగిపోతుంటే ఎక్కడో షార్టు ఉన్నట్టు. మాస్‌ఫెట్ కాలిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు కొత్త కెపాసిటర్లు ఎన్ని వేసినా లాభం లేదు. మన బోర్డులా పడుతూ లేస్తూ ఉండి చివరికి ఆగినదైతే ఆశ ఉంది.

కెపాసిటర్ తల చదునుగా ఉండాలి. వేలితో తడిమితే తెలుస్తుంది. అడుగున రబ్బరు బయటికి తన్నుకొచ్చి కెపాసిటర్ ఒక పక్కకు వాలిందేమో చూడాలి. కొన్నిసార్లు కదలకుండా ఉండాలని కంపెనీవాళ్ళే అడుగున జిగురు పెడతారు, దాన్ని చూసి కారిందని కంగారు పడొద్దు. తల బాగున్నంత మాత్రాన కెపాసిటర్ బాగున్నట్టు కాదు. నేను మన బోర్డు నుంచి తీసిన ఎనిమిదింటినీ మా యూనివర్సిటీ ల్యాబులో ఎల్.సి.ఆర్. మీటర్ మీద పెట్టి చూశాను. ఉబ్బినవి ఐదూ పోయినవే. పైకి బంగారంలా కనిపించిన మూడింట్లో ఒకదాని నిరోధం ఉండాల్సినదానికి ఇరవై రెట్లు దాటి చూపించింది. అందుకే ఒకే చోట, ఒకే రకంవి ఉంటే, ఉబ్బినవి మాత్రమే కాకుండా అన్నీ మార్చడమే నయం.

నేను చేసిన మొదటి తప్పు

ఇదంతా తెలిసినవాడిలా రాస్తున్నాను గాని, మొదటిసారి నేను చేసింది వేరు. మా ఊరి దగ్గర టీవీలు బాగుచేసే షాపులో 6.3 వోల్టులవి అడిగితే లేవన్నారు. 10 వోల్టులు, 2200 మైక్రోఫారాడ్, 85 డిగ్రీలవి ఉన్నాయన్నారు. వోల్టేజి ఎక్కువైతే నష్టం లేదు కదా, మైక్రోఫారాడ్లు కొంచెం తక్కువైతే ఏమైందిలే అని ఐదు తెచ్చి వేశాను. కంప్యూటర్ లేచింది! దీపావళి ముందు రోజది. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. ఇరవై నిమిషాల తర్వాత ఆగిపోయింది. ప్లగ్గు తీసి ముట్టుకుంటే కొత్త కెపాసిటర్లు వేలు పెట్టలేనంత వేడిగా ఉన్నాయి.

కారణం ఈ.ఎస్.ఆర్. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వేడి వస్తుందని మీకు పదో తరగతిలోనే చెబుతారు. ఒక్కో కెపాసిటర్‌లో 2 ఆంపియర్లు అటూ ఇటూ ఊగుతున్నాయనుకోండి. నిరోధం 0.012 ఓములైతే 0.048 వాట్లు. అదే 0.1 ఓములైతే 0.4 వాట్లు. ఎనిమిది రెట్ల వేడి, బొటనవేలు కొసంత డబ్బీలో. టీవీ షాపువి చెడ్డ సరుకేమీ కాదు. అవి వేరే పనికి చేసినవి. మదర్‌బోర్డుకు కావలసినవి 105 డిగ్రీల, తక్కువ ఈ.ఎస్.ఆర్. రకం. అడిగేటప్పుడు "లో ఈ.ఎస్.ఆర్." అనే మాట తప్పకుండా చెప్పాలి. మైక్రోఫారాడ్లు పాతదానంతే ఉండాలి, వోల్టులు అంతే గాని అంతకంటే ఎక్కువ గాని ఉండాలి, తక్కువ ఎప్పుడూ వద్దు. లావు కూడా కొలుచుకుని వెళ్ళండి. 10 మిల్లీమీటర్ల కెపాసిటర్ ఉన్నచోట అంతకంటే లావుది పక్కవాటి మధ్య ఇమడదు.

మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాక కోఠి గుజరాతీ గల్లీలో మూడు షాపులు తిరిగాను. ఒకచోట చాలా చవకగా ఇస్తామన్నారు, కానీ చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిగ్గా ఉంది. చిన్న కెపాసిటర్‌కు పెద్ద చొక్కా తొడిగి అమ్మేవాళ్ళు ఉంటారు, జాగ్రత్త. చివరికి మంచివి 11, దగ్గర ఉంచుకోవడానికి ఇంకో రెండు కొన్నాను. మొత్తం 325 రూపాయలైంది. దీనికంటే ఊరికి బస్సు చార్జీలే ఎక్కువయ్యాయి.

టంకం పని

ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. బోర్డు మీద నాణెంలా ఉండే బ్యాటరీని కూడా తీసేయాలి. కంప్యూటర్ ఇనుప పెట్టెను ఒకసారి చేత్తో తాకి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయాక బోర్డు పట్టుకోవాలి. ఏదైనా పీకేముందు సెల్‌ఫోనుతో నాలుగు ఫోటోలు తీసుకోండి. ఎందుకో చెబుతాను. కెపాసిటర్‌కు ప్లస్, మైనస్ ఉంటాయి. దాని ఒంటి మీద పొడుగునా గీత ఉన్న వైపు మైనస్. బోర్డు మీద గుండ్రటి గుర్తులో సగం రంగు నింపి ఉంటుంది. చాలా బోర్డుల్లో ఆ సగం మైనస్, కానీ కొన్నింటిలో అదే ప్లస్! గుర్తును నమ్మకుండా పాత కెపాసిటర్ ఎటు ఉందో దాన్నే నమ్మాలి. తిరగేసి వేస్తే వేడెక్కి పగులుతుంది. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మొహం దూరంగా పెట్టడం మంచి అలవాటు.

రేడియోలకు వాడే 25 వాట్ల ఐరన్ ఇక్కడ చాలదు. మదర్‌బోర్డులో రాగి పొరలు ఒకదాని కింద ఒకటి నాలుగైనా ఉంటాయి. ముఖ్యంగా మైనస్ కాలు పెద్ద రాగి పొరకు అతుక్కుని ఉంటుంది, పెట్టిన వేడినంతా అది తాగేస్తుంది. చిన్న ఐరన్‌తో ఎంతసేపు పెట్టినా కరగదు, అంతలో బోర్డు కమిలిపోతుంది. 60 వాట్లది తీసుకుని, త్వరగా వేడి పెట్టి త్వరగా తీయాలి. ముందుగా పాత టంకం మీద కొంచెం కొత్త టంకం కలపండి. పాతది త్వరగా కరగడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు. తర్వాత ఒక కాలిని వేడి చేస్తూ కెపాసిటర్‌ను పైనుంచి కొద్దిగా వాల్చాలి, రెండో కాలిని వేడి చేస్తూ ఇటు వాల్చాలి. అటూ ఇటూ నాలుగుసార్లు ఊపితే దానంతటదే చేతిలోకి వస్తుంది.

రాకపోతే లాగకండి. నేను లాగాను. నాలుగో కెపాసిటర్‌తో పాటు రంధ్రం లోపలి రాగి గొట్టం కూడా కాలికి అంటుకుని బయటికి వచ్చేసింది. బియ్యపు గింజలో సగం ఉంటుంది. అది చూసి నా ఒళ్ళు చల్లబడింది. ఆ గొట్టమే పై పొరను లోపలి పొరలతో కలుపుతుంది, అది లేకపోతే కెపాసిటర్ వేసినా వేయనట్టే. ఆ రాత్రి వార్డెన్ సార్ ఫోన్ చేసి "ఏమైందిరా?" అని అడిగితే "అవుతుంది సార్" అన్నాను. వారం రోజులు ఆ బోర్డు వైపు చూడలేదు. రిజిస్టర్లో సంతకమే కళ్ళ ముందు కనిపించేది. మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆరెను తోలులోకి ఎప్పుడూ పొడిచేవాడు కాదు, తిప్పుతూ దించేవాడు. చిన్నప్పుడు పక్కన కూర్చుని అన్నిసార్లు చూసి కూడా నాకు ఆ సంగతి చేతికి రాలేదు.

తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే దారి దొరికింది. ఆ ఎనిమిది కెపాసిటర్లూ సమాంతరంగా కలిపినవే. పోయినది ప్లస్ రంధ్రం. కాబట్టి పక్క కెపాసిటర్ ప్లస్ కాలి నుంచి దీని ప్లస్ కాలికి బోర్డు అడుగున పొట్టి లావు రాగి తీగతో అతికాను. మల్టీమీటర్‌లో బీప్ శబ్దం వినపడింది. చూడ్డానికి అందంగా లేదు, కానీ పనిచేస్తోంది.

రంధ్రంలో మిగిలిన టంకం తీయడానికి ఒక పక్క వేడి చేస్తూ రెండో పక్క నుంచి పంపుతో పీల్చాలి. పంపు లేకపోతే స్టీలు సూదిని నెమ్మదిగా తిప్పుతూ దూర్చాలి, స్టీలుకు టంకం అంటదు. కొత్త కెపాసిటర్ పొడుగు కాలు ప్లస్. వేశాక కాళ్ళు కత్తిరించి, స్పిరిట్‌లో ముంచిన పాత పళ్ళ బ్రష్‌తో అడుగు తోమండి. టంకంలో సీసం ఉంటుంది, కాబట్టి కిటికీ తెరిచి పెట్టుకుని చేయండి. చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టుకోకండి. ఐరన్ పట్టుకునేటప్పుడు తమ్ముళ్ళ పక్కన పెద్దవాళ్ళెవరైనా ఉండాలి.

కరెంటు ఇచ్చేముందు కెపాసిటర్ రెండు కాళ్ళ మధ్య మల్టీమీటర్ పెట్టి షార్టు ఉందేమో చూస్తాం. ప్రాసెసర్ బోర్డు మీదే ఉంటే ఆ చోట కొన్ని ఓములే చూపిస్తుంది, అది షార్టు కాదు, ప్రాసెసర్ తత్వం. ఇది తెలియక నేను మరో సాయంత్రం ఏడుపు మొహంతో గడిపాను.

జనవరి 25 రాత్రి కంప్యూటర్‌ను మళ్ళీ స్టడీ హాల్లో పెట్టి, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రాం రాత్రంతా నడిపాను. పొద్దున ఐదింటికి చూస్తే ఒక్క తప్పు కూడా లేదు. అయినా అసలు పరీక్ష అది కాదు. ఆపేసి, కిటికీ తెరిచి, గంటసేపు చలిలో వదిలేశాను. జెండా ఎగరేయడానికి ముందు వార్డెన్ సార్‌ను పిలిచి ఆయన చేతే బటన్ నొక్కించాను. మొదటిసారికే లేచింది. ఆయన ఏమీ అనలేదు. ఆఫీసు గదిలోకి వెళ్ళి రిజిస్టర్ తెచ్చి, "బాగుచేయబడి తిరిగి చేరినది" అని అక్కడే నిలబడి రాశారు.

ఇంత కష్టం ఈ పాత డబ్బా కోసమా అని అన్నలు కొందరు అడగొచ్చు. నిజమే, చేతిలోని సెల్‌ఫోను దీనికంటే ఎన్నో రెట్లు చురుకైనది. దీనిలో ఉన్న విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే కంపెనీ మద్దతు ఆగిపోయింది. అందుకని దాన్ని తీసేసి తేలికపాటి లినక్స్ వేశాను. ఇంటర్నెట్ పెట్టలేదు. తెలుగు, ఇంగ్లీషు టైపు నేర్చుకోవచ్చు, లెక్కల పట్టికలు వేసుకోవచ్చు, చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకోవచ్చు. ఏడో తరగతి తమ్ముడొకడు వచ్చి "అన్నా, దీంట్ల నెట్ వస్తదా?" అన్నాడు. రాదన్నాను. "మరి ఏం చూసుడు?" అన్నాడు. పక్క మూత తీసి లోపల చూపించాను. అరగంట దాకా కదల్లేదు. పాత కెపాసిటర్లు తనకిమ్మని అడిగాడు. విప్పొద్దని చెప్పి రెండు ఇచ్చాను. విప్పుతాడనే నా అనుమానం, అందుకే కారనివి చూసి ఇచ్చాను.

నెలకోసారి ఫ్యాను దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి. దుప్పటి కంప్యూటర్ చల్లారాకే కప్పండి. అడుగున తీగ అతికిన చోటును ఎవరూ కదపకండి. మిగిలిన రెండు కెపాసిటర్లు, 3300 మైక్రోఫారాడ్ 6.3 వోల్టులవి, ఒక అగ్గిపెట్టెలో పెట్టి, మీద కొన్న తేదీ రాసి, ఆఫీసు గది బీరువాలో స్టాక్ రిజిస్టర్ పక్కన ఉంచాను.